డైనోసార్ మూతి ఎవరు చూశారు?

సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర

ప్రియమైన పిల్లలకు,

మీ అందరికీ తాత ఆశీస్సులు. మీరు గీసిన డైనోసార్ బొమ్మలు ఫోన్లో అందాయి. పెద్దోడు టైరనోసారస్‌కి నోరు మూసినా పళ్ళన్నీ బయటికి కనబడేలా గీశాడు. చిన్నది పెదవులు పెట్టి పళ్ళు దాచేసింది. ఏది కరెక్టో తేల్చమన్నారు. దాంతోపాటు చిన్నది అడిగిన ఇంకో ప్రశ్న నాకు చాలా నచ్చింది: "అసలు దాని మూతి ఎవరు చూశారు తాతా?"

ఎవరూ చూడలేదమ్మా. ఆ జంతువులు అంతరించి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళు అయింది. చర్మం, పెదవి, ముక్కు, చెవి అన్నీ కుళ్ళిపోతాయి. రాయిగా మారి మిగిలేది ఎక్కువగా ఎముకా, పన్నూ. కానీ మాంసం ఎముకను అంటిపెట్టుకుని బతికినన్నాళ్ళూ దాని మీద గుర్తులు వేస్తూనే ఉంటుంది. మాంసం పోయినా ఆ గుర్తులు పోవు.

పొలాల వైపు వెళ్ళినప్పుడు ఎండిన ఎద్దు పుర్రె కనబడితే భయపడకుండా దగ్గరికెళ్ళి చూడండి. నల్లగా నున్నగా ఉండే కొమ్ము తొడుగు ఊడిపోయి ఉంటుంది. లోపల ఉన్న ఎముక గరుకుగా, సన్నటి గాడులతో, చిన్న చిన్న బెజ్జాలతో ఉంటుంది. తొడుగును పోషించిన రక్తనాళాలు నడిచిన దారులవి. ఆ తొడుగు కెరాటిన్, అంటే మన గోళ్ళలో ఉండే పదార్థమే. ట్రైసెరాటాప్స్ అనే మూడు కొమ్ముల డైనోసార్ కొమ్ము ఎముక మీదా ఇలాంటి గాడులే ఉన్నాయి. అందుకే దానికీ తొడుగు ఉండేదని, బతికున్నప్పుడు ఆ కొమ్ము ఇప్పుడు మ్యూజియంలో కనబడే దానికంటే పొడుగ్గా ఉండేదని శాస్త్రవేత్తలు ధైర్యంగా చెప్పగలుగుతున్నారు.

అదే ఎద్దు పుర్రెకు పక్కన, పై దవడ పళ్ళకు కొంచెం పైన, మీ చిటికెన వేలు దూరేంత బెజ్జం ఒకటి ఉంటుంది. పై పెదవికీ ముక్కుకూ వెళ్ళే నరం అందులోంచే బయటికొస్తుంది. ఎద్దు మూతికి స్పర్శ బాగా తెలుస్తుంది, దానికి పెద్ద నరం కావాలి. బల్లికీ ఉడుముకూ అలా కాదు. వాటి దవడ అంచు వెంట చిన్న బెజ్జాలు వరుసగా ఉంటాయి. మొసలికి దవడంతా వందల బెజ్జాలు చెల్లాచెదురుగా ఉంటాయి, నీళ్ళు కదిలితే తెలుసుకోవడానికి. చూశారా, బెజ్జాల తీరును బట్టే మూతి తీరు కొంత తెలిసిపోతోంది!

ఇక మీ తగాదా సంగతి. డైనోసార్లకు ఇప్పుడు బతికున్న దగ్గరి చుట్టాలు రెండు. పక్షులు వాటి వంశమే, మొసళ్ళు దాయాదులు. ఈ రెండింటికీ ఒక అవయవం ఉందంటే మధ్యలో ఉన్న డైనోసార్‌కూ ఉండి ఉంటుందని అనుకోవచ్చు. ఈ పద్ధతిని 1995లో లారెన్స్ విట్మర్ అనే అమెరికా శాస్త్రవేత్త పకడ్బందీగా రాసిపెట్టాడు. పెదవుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇది చిక్కులో పడుతుంది. కోడికి పళ్ళే లేవు, పొడిచే ముక్కుంది. మొసలికి పళ్ళున్నాయి, పెదవుల్లేవు. మరి టైరనోసారస్‌ని ఎవరితో పోల్చాలి?

2017లో థామస్ కార్ బృందం డాస్ప్లెటోసారస్ అనే టైరనోసారస్ చుట్టం పుర్రెను పరిశీలించింది. ఎముక గరుకుదనం మొసలి ఎముకలాగే ఉంది కాబట్టి మొహం మీద పెద్ద పెద్ద చదును పొలుసులే తప్ప పెదవులు లేవన్నది. 2023లో థామస్ కల్లెన్ బృందం సైన్స్ పత్రికలో దీనికి ఎదురు వాదన పెట్టింది. వాళ్ళు చూసింది పళ్ళను. పన్ను మీది పింగాణి పొర తడిగా ఉండాలి, ఎండితే పెళుసుబారి త్వరగా అరుగుతుంది. మొసలి జాతికే చెందిన ఎలిగేటర్ పన్నును సన్నగా కోసి చూస్తే బయటివైపు పొర లోపలివైపు కంటే ఎక్కువ అరిగిపోయి ఉంది. ఆ వైపు కప్పేది ఏదీ లేదు మరి. డాస్ప్లెటోసారస్ పన్నులో అలాంటి తేడా కనబడలేదు. దవడ అంచున బెజ్జాల వరుస కూడా బల్లి జాతికే దగ్గరగా ఉంది. "అంత పెద్ద పళ్ళు పెదవుల వెనక పడతాయా?" అన్న సందేహానికీ వాళ్ళు లెక్క చూశారు. పుర్రె పొడవుతో పోలిస్తే ఆ పళ్ళు కొన్ని ఉడుముల పళ్ళకంటే పెద్దవేమీ కావు. ఉడుము నోరు మూస్తే ఒక్క పన్నైనా బయటికి కనబడుతుందా?

అందుకని నా లెక్కలో చిన్నదాని బొమ్మకే బలం ఎక్కువ. పెద్దోడు అలగొద్దు. కార్ లాంటి పెద్ద శాస్త్రవేత్తలు ఇంకా ఒప్పుకోలేదు, వాదన నడుస్తూనే ఉంది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి, అవి మన పెదవుల్లాంటివి కావు. కండ లేని బల్లి పెదవులు. సినిమాల్లోలాగా కుక్క మాదిరి పెదవి పైకెత్తి గుర్రుమనడం వాటివల్ల కాదు.

ముక్కు కథ ఇంకా బాగుంటుంది. పొడుగు మెడ డైనోసార్లలో చాలావాటి పుర్రెలో ముక్కు బెజ్జం నడినెత్తి దగ్గర ఉంటుంది. అందుకని పాత బొమ్మల్లో ముక్కు రంధ్రాలు నెత్తిమీద వేసి, నీళ్ళలో మునిగి ఊపిరి పీల్చేవని రాసేవాళ్ళు. 2001లో విట్మర్ బతికున్న పక్షులు, మొసళ్ళు, బల్లుల తలలకు ఎక్స్‌రేలు తీసి చూశాడు. ఎముకలో బెజ్జం ఎంత పెద్దదైనా చర్మం మీది రంధ్రం దాదాపు ఎప్పుడూ ముందు కొసనే, నోటికి దగ్గరగానే ఉంది. అప్పటినుంచి డైనోసార్ల ముక్కు రంధ్రాలు కిందికి దిగాయి. మీ బొమ్మల్లోనూ దించండి.

ఎముక చెప్పలేనివీ ఉన్నాయి. కోడిపుంజు తల మీది ఎర్రటి జుట్టుకు లోపల ఎముకే లేదు. పుర్రె ఒక్కటే దొరికితే దానికి జుట్టుందని ఎవరికీ తెలియదు. కెనడాలో దొరికిన ఎడ్మాంటోసారస్‌ అనే డైనోసార్ గురించి 2013లో ఒక పరిశోధన వచ్చింది. చర్మం అచ్చు కూడా మిగిలిన అరుదైన శిలాజం అది. దాని తల మీద కోడిపుంజుకున్నట్టే మెత్తటి జుట్టుంది! అంతకుముందు ఆ జంతువును అందరూ బోడి తలతోనే గీశారు. ఇంకా ఎన్నింటి మొహాల మీద ఏమేం ఉండేవో అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇప్పుడు మన సంగతి వినండి. మీ బడి మరాఠీ పుస్తకంలో ఉందో లేదో గానీ, మన తాలూకాలోని కోట ఊరి పేరు ప్రపంచంలో డైనోసార్లు చదివేవాళ్ళందరికీ తెలుసు. ఇక్కడి జురాసిక్ కాలపు రాతి పొరలను 'కోట ఫార్మేషన్' అంటారు. ఆ పొరల్లోనే, మన ప్రాణహిత–గోదావరి లోయలో, బరపాసారస్ అనే పొడుగు మెడ డైనోసార్ ఎముకలు దాదాపు 300 దొరికాయి. సుమారు 14 మీటర్ల జంతువు. 1975లో దానికి పేరు పెట్టారు, రవీంద్రనాథ్ టాగోర్ పేరు కూడా కలిపి బరపాసారస్ టాగోరై అని. అస్థిపంజరం కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. నది అవతల యామన్‌పల్లి దగ్గర దొరికిన, ఇలాంటిదే అయిన కోటాసారస్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు.

కానీ ఈ రెండింటికీ పుర్రె దొరకలేదు. కొన్ని పళ్ళు తప్ప తల భాగం ఏదీ లేదు. ఈ పొడుగు మెడ జాతి పుర్రెలు తేలికైనవి, మెడకు గట్టిగా అతుక్కుని ఉండవు. చచ్చాక తల ముందు ఊడి నీళ్ళలో కొట్టుకుపోతుంది. కాబట్టి హైదరాబాద్‌లో మీరు చూసే కోటాసారస్ తల చుట్టాల పుర్రెలను చూసి మనుషులు చేసిందే. దాని మూతి సన్నదా వెడల్పా, ముక్కు బెజ్జం ఎంత పైకి ఉంది, దవడ మీద బెజ్జాలు ఎన్ని, ఇవేవీ ఇంకా ఎవరూ చూడలేదు.

అందుకే చెప్తున్నా. వాగుల్లో, ఎర్రమట్టి గట్టుల్లో ఆడుకునేటప్పుడు ఎముకలాంటి రాయి కనబడితే పీకకండి, ఇంటికి తేకండి. ఏ పొరలో, ఏ పక్కకు తిరిగి ఉందో కూడా శాస్త్రవేత్తలకు కావాలి, కదిపితే ఆ వివరం పోతుంది. పక్కన స్కేలు పెట్టి, చుట్టుపక్కల చెట్టో గట్టో కనబడేలా రెండు మూడు ఫోటోలు తీసి మీ సారుకు చూపించండి. నాకూ పంపండి.

మీ
తాత