ఐరోపా సరిహద్దుల్లో శరణు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నిజంగా ప్రాణభయం ఉన్నవారు వీసా తీసుకుని విమానంలో సక్రమంగానే రావచ్చు కదా.

వాస్తవం: శరణార్థుల న్యాయ సహాయ రంగంలో ఉన్న మాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. శరణు కోరేందుకంటూ ఐరోపా సమాఖ్య చట్టంలో ప్రత్యేక వీసా ఏదీ లేదు. సిరియాలోని అలెప్పోకు చెందిన ఒక కుటుంబం 2016లో లెబనాన్ రాజధాని బేరూట్‌లోని బెల్జియం రాయబార కార్యాలయానికి వెళ్లి మానవతా వీసా అడిగి భంగపడింది; అటువంటి వీసా ఇచ్చి తీరాలన్న నిబంధన సమాఖ్య చట్టంలో లేదని సమాఖ్య న్యాయస్థానం 2017 మార్చి 7న తేల్చింది. పైగా, సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ని తీసుకువచ్చే విమాన సంస్థపై వేల యూరోల జరిమానా పడుతుంది కనుక, బోర్డింగ్ పాస్ ఇచ్చే ఉద్యోగే అతణ్ని ఆపేస్తాడు. విమాన టికెట్‌కు ఎన్నో రెట్లు దళారికి చెల్లించి జనం పడవ ఎక్కడానికి ఇదొక ముఖ్య కారణం. ప్రాణభయంతో పారిపోయేవారికి సక్రమ మార్గం దొరకకపోవచ్చని తెలిసే కాబోలు, ప్రమాదమున్న చోటు నుంచి నేరుగా వచ్చి, జాప్యం లేకుండా అధికారుల ముందు హాజరై, తగిన కారణం చూపినవారిని అక్రమ ప్రవేశానికి శిక్షించరాదని 1951 శరణార్థుల ఒప్పందంలోని 31వ అధికరణం చెబుతోంది.

అపోహ: నడిసముద్రంలో ఆపి వెనక్కి పంపితే ఏ చట్టమూ వర్తించదు.

వాస్తవం: 2009 మేలో ఇటలీ దీవి లాంపెడూసాకు దక్షిణాన సుమారు 200 మందిని ఇటలీ నౌకల్లోకి ఎక్కించుకుని, పేరైనా అడగకుండా, ఎక్కడికి తీసుకువెళ్తున్నారో చెప్పకుండా, పది గంటల ప్రయాణం తరువాత ట్రిపోలీ రేవులో లిబియా అధికారులకు అప్పగించారు. ఇటలీ జెండా ఎగిరే నౌకపై ఇటలీ బాధ్యతే ఉంటుందని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2012లో తీర్పు చెప్పింది.

అపోహ: అయితే సరిహద్దులో తిప్పి పంపడం ప్రతిసారీ చట్టవిరుద్ధమే.

వాస్తవం: మా రంగంలోనూ కొందరు ఇలాగే అనుకుంటారు. మొరాకోను ఆనుకుని ఉన్న స్పెయిన్ నగరం మెలిల్లా చుట్టూ ఉన్న కంచెను గుంపుగా దాటిన ఇద్దరిని స్పెయిన్ వెంటనే మొరాకోకు అప్పగించిన కేసులో, సక్రమమైన మార్గం ఉన్నా వారు దాన్ని వాడుకోలేదంటూ అదే న్యాయస్థానం 2020లో స్పెయిన్‌ను తప్పుపట్టలేదు. ఆ మార్గం ఆచరణలో వారికి నిజంగా తెరిచి ఉందా అన్న నా సందేహం తీరలేదు.

అపోహ: శరణు దరఖాస్తు పెడితే చాలు, భారతీయులు ఐరోపాలో ఉండిపోవచ్చు.

వాస్తవం: ఏజెంట్లు చెప్పే ఈ మాట నమ్మదగింది కాదు. ఐరోపా కమిషన్ 2025 ఏప్రిల్‌లో ప్రతిపాదించిన సురక్షిత దేశాల (అంటే పౌరులకు సాధారణంగా ముప్పు ఉండదని భావించే దేశాల) జాబితాలో భారత్ కూడా ఉంది. దాని అర్థం దరఖాస్తు హక్కు పోతుందని కాదు; విచారణ వేగంగా ముగుస్తుంది, తనకు ప్రత్యేకంగా ఉన్న ముప్పును నిరూపించుకునే భారం దరఖాస్తుదారుపై మరింత పడుతుంది.