అసెంబ్లీలో మంత్రిగారి జవాబు: గోదావరి జిల్లాల్లో తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

అసెంబ్లీ సమావేశాలు మొదలయ్యాయంటే మా ఆఫీసులో సెలవు అడిగేవాడు ఉండడు. డెల్టాలోని ఒక ఇంజినీరింగ్ డివిజన్ ఆఫీసులో, సభ్యులు వేసే ప్రశ్నలకు సమాచారం తయారుచేసి పైకి పంపే సీటు నాది. ఎల్‌ఏక్యూలు (లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్స్) అంటాం వాటిని. బయట మాత్రం ఈ వ్యవహారం మీద రకరకాల మాటలు వినిపిస్తాయి. టీవీలో ఒక నిమిషం ముక్క చూసి మంత్రి అబద్ధమాడాడనీ, మన ఎమ్మెల్యే నోరు విప్పలేదనీ తేల్చేస్తుంటారు. అందులో నిజాలు లేకపోలేదు. అపోహలే ఎక్కువ.

అపోహ: మంత్రిగారు తనకు తెలిసింది లేచి చెప్పేస్తారు

ఆ జవాబు పుట్టేది మా దగ్గర. సభ్యుడు ఇచ్చిన నోటీసును స్పీకర్ అనుమతిస్తే అది శాఖ సచివాలయానికి, అక్కణ్ణించి శాఖ పెద్ద ఇంజినీరు ఈఎన్‌సీకి, ఆయన కింద మెట్టు మెట్టుగా ఎస్‌ఈకి, ఈఈకి, డీఈకి, చివరికి అసిస్టెంట్ ఇంజినీరు ఏఈకి చేరుతుంది. సాయంత్రం ఐదింటికి ఫోనొస్తుంది, రేపు పొద్దున పదికల్లా సమాచారం కావాలంటారు. ఏఈ బైకేసుకుని వెళ్లి చూసొచ్చి రాస్తాడు. ఆ రాసింది వచ్చిన దారినే తిరిగి పైకెళ్తుంది. వెళ్తూ వెళ్తూ మెత్తబడుతుంది కూడా. ఏఈ ‘గోతులు పడి బస్సు నడవడం లేదు’ అని రాస్తే డివిజన్‌లో అది ‘కొంతమేర దెబ్బతిన్నది’ అవుతుంది. ఇంకో మెట్టెక్కేసరికి ‘మరమ్మతులు అవసరమని గుర్తించడమైనది’. ఎవరూ అబద్ధం చెప్పలేదు, గొయ్యి మాత్రం మాయమైంది!

సభలో చదివే జవాబు నాలుగైదు లైన్లే. దాని వెనక సప్లిమెంటరీల (అనుబంధ ప్రశ్నల) కోసం కట్టే నోట్ చాలా లావుగా ఉంటుంది: ఆ రోడ్డు ఎప్పుడు వేశారు, ఎంత ఖర్చయింది, కాంట్రాక్టరు ఎందుకు వదిలేశాడు, పక్క మండలంలో ఏం చేశారు, ఇలా. సభ్యుడు లేచి ఏ అనుబంధ ప్రశ్న వేస్తాడో ఎవరికీ తెలియదు కాబట్టి టెన్షనంతా అక్కడే. మంత్రికి విషయం మీద పట్టుందా లేదా అన్నదీ అక్కడే తేలిపోతుంది. టీవీలో చూస్తే ఆ భాగం చూడండి.

రాసింది ఏఈ అయినా బాధ్యత మంత్రిదే. రాజ్యాంగం 164(2) ప్రకారం మంత్రివర్గం శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. కింది అధికారి తప్పుగా పంపాడన్న మాట సభలో చెల్లదు. లోక్‌సభలోనైతే మంత్రి చెప్పినదాంట్లో తప్పుంటే స్పీకర్ ఆదేశం 115 కింద సభ్యుడు ఎత్తిచూపవచ్చు. మంత్రులే సవరణ ప్రకటన చేసిన సందర్భాలూ ఉన్నాయి.

అపోహ: ‘లేదండి’ అన్నారంటే పచ్చి అబద్ధం చెప్పినట్టే

ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. మా వైపు నుంచి చూస్తే ఎక్కువసార్లు తప్పు ప్రశ్నలోనే ఉంటుంది. ఇలాంటి ప్రశ్న వస్తుందనుకోండి:

(అ) ఫలానా లంకకు వెళ్లే రోడ్డు అధ్వాన్నంగా ఉండి ప్రజలు నరకయాతన పడుతున్న విషయం వాస్తవమేనా?
(ఆ) అయినచో తీసుకున్న చర్యలేమిటి?

జవాబు: (అ) లేదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

అంతే, అయిపోయింది. ‘అధ్వాన్నం’, ‘నరకయాతన’ లాంటి మాటలకు ఏ ఇంజినీరూ అవునని సంతకం పెట్టడు. మొదటి ముక్కకు లేదని చెప్పగానే మిగతా ముక్కలన్నీ వాటంతటవే రాలిపోతాయి. అదే ప్రశ్నను ఇలా వేసి చూడండి: ఆ రోడ్డుకు చివరిసారి తారు పని ఏ సంవత్సరం జరిగింది? ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు? ఎంత ఖర్చయింది? ఇప్పుడు ఎస్టిమేట్ ఏ ఆఫీసులో, ఏ తేదీ నుంచి ఉంది? దీనికి లేదండి అని రాయడం కుదరదు. అంకెలు, తేదీలు ఇచ్చి తీరాలి. అలాంటి ప్రశ్న వచ్చిందంటే ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో వాళ్ల ముఖం చూడాలి. జవాబు సభకు వెళ్లేలోపే ఫైలు కదిలిన సందర్భాలు నాకు తెలుసు.

అపోహ: రోడ్డంటే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ), అడగాల్సింది ఆ మంత్రినే

డెల్టాలో ఈ అపోహ వల్ల వృథా అయ్యేన్ని ప్రశ్నలు ఇంకే కారణం వల్లా కావు. మన రోడ్లలో చాలావరకు కాలువ గట్ల మీదే ఉన్నాయి. గట్టు జలవనరుల శాఖది. పైన తారు ఆర్ అండ్ బీది కావచ్చు, పంచాయతీరాజ్‌ది కావచ్చు, కొన్నిచోట్ల ఎవరిదీ అని రాసి ఉండదు. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, రాజోలు మీదుగా ఒంగోలు వెళ్లే 216 జాతీయ రహదారి మీద, దిండి–చించినాడ వంతెన మీద సమస్య ఉంటే డబ్బూ నిర్ణయమూ కేంద్రానివి. చాలాచోట్ల పని చేయించేది రాష్ట్ర ఇంజినీర్లే అయినా ఆ ప్రశ్న పార్లమెంటులో పడితేనే సూటిగా తగులుతుంది. ఎదుర్లంక నుంచి బాలయోగి వారధి దాటి యానాంలో అడుగుపెట్టారంటే అక్కడి వీధులకు జవాబు చెప్పాల్సింది పుదుచ్చేరి మంత్రి.

కాలువలోకి కారు దూసుకెళ్లిన వార్త మనకు కొత్త కాదు. ఆ ఒక్క ప్రమాదానికి ఎంతమంది జవాబుదారులో చూడండి. అంచున రెయిలింగ్ లేకపోవడం రోడ్డు శాఖది. గట్టు జారి మార్జిన్ కుంగిపోవడం జలవనరుల శాఖది. మలుపు దగ్గర లైటు వెలగకపోవడం పంచాయతీది. వేగం, తాగి నడపడం పోలీసులు చూడాలి. మొత్తం కలిపి ఒకే మంత్రిని అడిగితే ఆయన తన వాటా రెండు లైన్లు చెప్పి, ‘మిగతా అంశాలు ఇతర శాఖలకు సంబంధించినవి’ అని కూర్చుంటారు. ఆ మాట తప్పు కూడా కాదు. శాఖకొక ప్రశ్న విడివిడిగా వేయడమే దారి.

కనకాయలంక సంగతి ఇంకో తీరు. లంక పశ్చిమగోదావరి జిల్లా యలమంచిలి మండలంలోది. బయటికొచ్చే కాజ్‌వే చేరేది కోనసీమ జిల్లా పి.గన్నవరం మండలం చాకలిపాలెం వైపు. గోదావరి పొంగితే ముందుగా మునిగేవాటిలో ఆ కాజ్‌వే ఒకటి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ఇలాంటి చోట్ల ఒక జిల్లా నుంచే సమాచారం తెప్పించుకుంటే సగం జవాబే వస్తుంది. ప్రశ్నలో రెండు జిల్లాల పేర్లూ రాయాలి.

గట్టు రోడ్ల మీద ఇంకో మాట. గట్టు పటిష్ఠం చేసే పని కాలువలు కట్టేసిన వేసవి రోజుల్లోనే కుదురుతుంది. నీళ్లు వదిలాక వర్షాకాల సమావేశాల్లో ఎంత గట్టిగా అడిగినా, పంటకాలం అయ్యాక చేస్తామన్న జవాబే వస్తుంది. ఫిబ్రవరి, మార్చి బడ్జెట్ సమావేశాల్లో అడిగితే ఆ సాకు ఉండదు.

బస్సుల విషయంలో చిన్న కిటుకు చెబుతాను. మీ ఊరి పల్లెవెలుగు ఆగిపోతే రోడ్డు మంత్రిని తర్వాత అడగండి. ముందు రవాణా మంత్రిని, సర్వీసు ఏ తేదీన, ఏ కారణంతో ఆపారని అడిగించండి. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగులో ఆడవాళ్లకు ఉచితం. బస్సే రాని ఊరికి ఆ ఉచితం ఏం ఉపయోగమని సప్లిమెంటరీ వేయడానికి ఏ సభ్యుడైనా ఉత్సాహపడతాడు. రోడ్డు బాగోలేక ఆపామని డిపో నుంచి రాతపూర్వకంగా వచ్చిందంటే రోడ్డు శాఖ ఇక ‘లేదండి’ అనలేదు. ఒక మంత్రి జవాబుతో ఇంకో మంత్రిని పట్టుకోవడమన్నమాట.

అపోహ: ప్రమాదం ఏదైనా జవాబు హోం మంత్రిదే

2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడిపిల్లలు ఎక్కిన పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. మరుసటి ఏడు సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఇలాంటప్పుడు టీవీలో కనిపించేది పోలీసులు, ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయ దళం), కాబట్టి హోం శాఖే అనుకుంటారు. వాళ్లు వచ్చేది మునిగాక. మునగకుండా చూడాల్సిన పనులు నాలుగైదు శాఖల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. రేవును వేలం వేసేది స్థానిక సంస్థ, పడవ లైసెన్సు ఒక శాఖది, ప్రవాహం సంగతి జలవనరులది, విహారయాత్ర అయితే పర్యాటక శాఖ. నరసాపురం–సఖినేటిపల్లి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కేవాళ్లకు ఇదేమీ తెలియాల్సిన పని లేదు గానీ ప్రశ్న రాసేవాడికి తెలియాలి.

నన్నడిగితే మంచి ప్రశ్న ఇలా ఉంటుంది: ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు కదా, ఫలానా తేదీన మొదటి హెచ్చరిక ఇచ్చాక ఏయే రేవుల్లో పడవలు ఆపారు, ఎన్ని గంటలకు, ఎవరి ఉత్తర్వుతో? లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయండీ అంటారు. ఎన్ని ఉన్నాయి, పడవకు అనుమతించిన మనుషులెందరు అని అడగాలి.

గ్యాస్ పైపుల సంగతి మరీ దూరం. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైన్ పేలి ఊరు తగలబడింది. అంతకుముందు 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి (బ్లోఅవుట్) రెండు నెలలకు పైగా మండింది. పైపు ఎప్పుడు వేశారు, తుప్పు తనిఖీ ఎప్పుడు చేశారు అన్నవి కేంద్ర పెట్రోలియం మంత్రిని అడగాల్సినవి. ఊరు ఖాళీ చేయించడం, ఫైరింజను ఎంత దూరంలో ఉంది, మాక్ డ్రిల్ జరిగిందా అన్నవి రాష్ట్రానివి. అసెంబ్లీలో పైపు గురించి, పార్లమెంటులో ఫైరింజను గురించి అడిగితే రెండూ గంగలో కలిసినట్టే.

అపోహ: ‘పరిశీలనలో ఉంది’ అంటే వచ్చేస్తుంది

రాదు. అలాగని లేనట్టూ కాదు. మా సీటులో ఈ మాట రాసేది మూడు సందర్భాల్లో: ఒకటి, ఎస్టిమేట్ పంపినా పరిపాలనా ఆమోదం రానప్పుడు; రెండు, ఆమోదం వచ్చినా నిధులు లేనప్పుడు; మూడు, అసలు ఏ కాగితమూ లేకపోయినా సభ్యుడికి లేదని మొహం మీద చెప్పలేనప్పుడు. వీటిలో ఏదో తెలియాలంటే ఎస్టిమేట్ పంపిన తేదీ, పరిపాలనా ఆమోదం జీవో నంబరు, తేదీ అడగాలి. రెండూ చెప్పలేదంటే మూడో రకం. ఫలానా నెలకల్లా చేస్తామని మంత్రి సభలో అన్నారంటే అది హామీల కమిటీ దృష్టికి వెళ్తుంది. కేంద్రంలో అలాంటి హామీని మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం, గడువు పొడిగింపులు అడుగుతుంటారనుకోండి.

అపోహ: మన ఎమ్మెల్యే మంత్రి అయ్యాడు, ఇక ప్రశ్నలకు కొదవేమిటి

ఇది తిరగబడ్డ లెక్క. మంత్రి జవాబు చెప్పేవాడు, ప్రశ్న వేసేవాడు కాదు. 2024 జూన్‌లో పాలకొల్లు ఎమ్మెల్యే నిమ్మల రామానాయుడు జలవనరులు, పిఠాపురం ఎమ్మెల్యే పవన్ కల్యాణ్ పంచాయతీరాజ్, నిడదవోలు ఎమ్మెల్యే కందుల దుర్గేష్ పర్యాటకం చేపట్టారు. కాలువ గట్టు, పల్లె రోడ్డు, టూరిజం బోటు, మూడింటికీ జవాబుదారులు గోదావరి వైపు వాళ్లే అయ్యారు. పనులు జరగడానికి అది మంచిదే కావచ్చు. ఆ నియోజకవర్గాల నుంచి సభలో ప్రశ్న వేయడానికి మాత్రం స్థానిక సభ్యుడు లేనట్టే. అలాంటప్పుడు పక్క నియోజకవర్గం ఎమ్మెల్యేతో అడిగించవచ్చు. ఎవరైనా ఏ ఊరి గురించైనా అడగొచ్చు. మండలిలో ఉభయ గోదావరి జిల్లాల పట్టభద్రుల, ఉపాధ్యాయ ఎమ్మెల్సీలున్నారు, వాళ్ల దగ్గరికి ఈ పని మీద వెళ్లేవాళ్లు తక్కువ.

ఇక ప్రశ్నోత్తరాల తర్వాత సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్‌లో మాట్లాడితే మంత్రి అప్పటికప్పుడు జవాబివ్వాలన్నదీ, ప్రశ్నలు వేసేది ప్రతిపక్షమేనన్నదీ కొట్టిపారేయండి. రెండూ తప్పే.

అపోహ: ఎంపీ నోరెత్తలేదు, అందుకే రైలు రాలేదు

లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. రోజుకు నోటి జవాబు కోసం 20, రాత జవాబు కోసం 230 ప్రశ్నలే పట్టికలోకి వస్తాయి, ఎవరివన్నది బ్యాలెట్‌లో (లాటరీలో) తేలుతుంది. ఎంపీ ఎన్నిసార్లు నోటీసిచ్చినా పేరు తగలకపోవచ్చు. తగిలినవాటి జవాబులన్నీ పార్లమెంటు వెబ్‌సైటులో ఉంటాయి, ఎంపీ పేరుతోనో శాఖ పేరుతోనో వెతుక్కోవచ్చు.

57 కిలోమీటర్ల కోటిపల్లి–నరసాపురం లైను 2000-01లో మంజూరైంది. అప్పుడు లోక్‌సభ స్పీకర్ కుర్చీలో ఉన్నది అమలాపురం ఎంపీ బాలయోగి. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీద వంతెనలు కట్టాలి, ఖర్చులో రాష్ట్రం వాటా ఉంది, భూసేకరణ రాష్ట్రం చేయాలి. అంటే దీని మీద ఢిల్లీలో ఒక ప్రశ్న, వెలగపూడిలో ఒక ప్రశ్న ఒకే కాలంలో పడాలి: రాష్ట్రం ఏ సంవత్సరం ఎంత జమ చేసింది, ఏ మండలంలో ఎన్ని ఎకరాలు ఇంకా అప్పగించాలి. రెండు జవాబుల్లో అంకెలు కలవకపోతే, ఆ కలవని అంకె మీదే మూడో ప్రశ్న వేయించండి.