రెడ్ డాట్ సైట్లు: చౌక సరుకుకూ ఖరీదైన సరుకుకూ మధ్య దూరం ఎలా ఏర్పడింది

రైఫిల్‌కు రెడ్ డాట్ సైట్, అంటే లక్ష్యం మీద ఎర్రచుక్కను చూపి గురి కుదిర్చే పరికరం, కొనదలచినవారు రెండు పెట్టెలను పక్కపక్కన పెట్టుకొని చదివితే తేడా పట్టుకోవడం కష్టం. రెండింటి మీదా చుక్క పరిమాణం 2 ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం ఒక ఎంఓఏ) అనే ఉంటుంది, సీఆర్ 2032 బ్యాటరీతో 50,000 గంటలు వెలుగుతుందనే ఉంటుంది, నీరు చొరబడదనీ పారలాక్స్ (తల జరిగితే గురి కూడా జరగడం) లేదనీ రెండూ చెబుతాయి. వెలలో మాత్రం నాలుగైదు రెట్ల తేడా ఉండవచ్చు. ఆ అదనపు సొమ్ము కేవలం పేరుకు కట్టే కప్పమని కొందరు, దాని విలువ ప్రాణం మీదికి వచ్చినప్పుడే తెలుస్తుందని మరికొందరు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఈ వాదం ఎందుకు తెగడం లేదో అర్థం కావాలంటే, ఇప్పుడు అన్ని పెట్టెల మీదా ఒకేలా కనిపిస్తున్న ఆ మాటలు ఎప్పుడు, ఎవరి అవసరం కోసం సాధ్యమయ్యాయో చూడాలి.

మూలసూత్రం 1900 నాటిది. డబ్లిన్‌లో ఖగోళ దూరదర్శినులు తయారుచేసే సర్ హోవర్డ్ గ్రబ్ ఆ ఏడాది రిఫ్లెక్టర్ సైట్‌కు పేటెంట్ తీసుకున్నారు. మామూలు తుపాకీతో గురి చూసేటప్పుడు కంటికి దగ్గరగా ఉన్న గాడినీ, గొట్టం చివరి మొననూ, దూరాన ఉన్న లక్ష్యాన్నీ ఒకే వరుసలోకి తేవాలి. కన్ను ఏకకాలంలో మూడు దూరాల మీద నిలవలేదు కాబట్టి, ఎంత అనుభవం ఉన్నవారికైనా వాటిలో ఏదో ఒకటి మసకబారక తప్పదు. వెలిగే గుర్తు నుంచి వచ్చే కిరణాలను సమాంతరం చేసి, అవతలి దృశ్యం కూడా కనిపించే గాజు మీద ప్రతిఫలింపజేస్తే, ఆ గుర్తు ఎక్కడో దూరాన, లక్ష్యం మీదే తేలుతున్నట్లు కనిపిస్తుందన్నది గ్రబ్ ఆలోచన. అప్పుడు తల కొంచెం పక్కకు జరిగినా గురి జరగదు. నేటి రెడ్ డాట్ సైట్లన్నీ, చౌకవైనా ఖరీదైనవైనా, ఈ ఆలోచనకు వారసులే.

చిక్కు వెలుగు దగ్గర వచ్చింది. 1918 నాటికి జర్మన్ యుద్ధవిమానాల్లోకి, రెండో ప్రపంచయుద్ధకాలానికి ప్రధాన దేశాలన్నింటి ఫైటర్లలోకి ఈ సైట్లు చేరాయి. విమానంలో దీపానికి కావలసిన విద్యుత్తు ఉంటుంది, బరువు కూడా పెద్ద సమస్య కాదు. భుజాన మోసే తుపాకీకి ఆ వెసులుబాటు లేదు. 1940ల్లో షాట్‌గన్‌ల కోసం వచ్చిన నైడార్ సైట్ పరిసరాల వెలుతురునే వాడుకునేది కాబట్టి, మసక చీకటిలో, అంటే అసలు అవసరమైన వేళలోనే, చుక్క మసకబారేది.

1970 నవంబర్‌లో ఉత్తర వియత్నాంలోని సోన్ తే యుద్ధఖైదీల శిబిరంపై దాడికి సిద్ధమైన అమెరికన్ దళం, రాత్రివేళ తమ రైఫిళ్ల గురి కుదరడం లేదని శిక్షణలోనే గ్రహించి, సైనిక సరఫరాలో లేని సింగిల్‌పాయింట్ సైట్లను బహిరంగ మార్కెట్‌లో కొని వాడింది. ఆ సైట్ లోంచి అవతలికి ఏమీ కనిపించదు. ఒక కన్ను చుక్కను, రెండో కన్ను లక్ష్యాన్ని చూస్తుంటే మెదడే రెండింటినీ కలుపుకోవాలి. రెండు కళ్ల చూపులో ఏ కొంచెం తేడా ఉన్నా చుక్క పక్కకు జరిగినట్లు కనిపించడం దాని లోపం. అయినా ఆ పనికి అది సరిపోయింది. మార్కెట్‌లో దొరికే మామూలు సరుకు గట్టి పనికి పనికిరాదనే వాదానికి ఎదురుసాక్ష్యం ఇంత పాతదన్న సంగతి తరచూ మరుగున పడుతుంది.

స్వీడన్‌లో 1974లో ఏర్పడిన ఎయిమ్‌పాయింట్ సంస్థ మరుసటి ఏడాది ఎయిమ్‌పాయింట్ ఎలక్ట్రానిక్ పేరుతో తెచ్చిన సైట్ ఈ చరిత్రలో అసలు మలుపు. దానిలో వెలుగునిచ్చేది చిన్న ఎల్ఈడీ. అద్దంలా పనిచేసే లెన్స్ మీది పూత ఆ ఎరుపును మాత్రమే కంటివైపు తిప్పి, మిగతా వెలుతురును ఎక్కువగా లోపలికి రానిస్తుంది. బ్యాటరీ 1,500 నుంచి 3,000 గంటల వరకు వచ్చేది. ఆ గంటలు వేటగాళ్లకు చాలు, ఎందుకంటే వేట ముగియగానే మీట ఆపేస్తారు. పోటీ షూటర్లకూ చాలు. 1990లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన, ఐపీఎస్‌సీ అనే అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ప్రపంచ పోటీని డగ్ కోనిగ్ పిస్టల్ మీద రెడ్ డాట్ సైట్‌తో గెలిచిన తరువాత, ఆ రంగంలో ఇనుప సైట్లతో అగ్రస్థానానికి పోటీపడటం కష్టమైపోయింది.

1997లో అమెరికా సైన్యం ఎం68 పేరుతో లక్ష ఎయిమ్‌పాయింట్ సైట్ల కొనుగోలుకు ఒప్పందం కుదుర్చుకోవడంతో పరిస్థితి పూర్తిగా మారింది. వేటగాడిలా సైనికుడు మీట ఆపి, అవసరమైనప్పుడు వేసుకొనే వీలు లేదు. సైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి, బురదలో మునిగినా, వాహనం మీదినుంచి పడినా జీరో, అంటే ముందే సరిచేసి పెట్టుకున్న గురి, చెదరకూడదు. ఖరీదైన సైట్ల ధరలో అధికభాగం ఈ రెండు షరతుల నుంచి పుట్టిందేనని నా అభిప్రాయం. విద్యుత్తును పొదుపుగా వాడే సర్క్యూట్లతో కాంప్ ఎం3 మోడల్ 50,000 గంటలకు, 2007లో వచ్చిన కాంప్ ఎం4 ఒకే ఒక్క ఏఏ బ్యాటరీతో 80,000 గంటలకు చేరాయి. 50,000 గంటలంటే అయిదేళ్ల ఎనిమిది నెలలు. సైట్‌ను అసలు ఆపకుండా ఉంచి, ఏడాదికొకసారి ఒక నిర్ణీత తేదీన బ్యాటరీ మార్చే అలవాటు అప్పటినుంచే సాధ్యమైంది. అదే 2007లో వచ్చిన మైక్రో టీ-1 ఈ గుణాలను అరచేతిలో ఇమిడే ఆకారంలోకి కుదించింది. దాని అడుగుభాగపు మరల అమరికను తరువాత ఇతర తయారీదారులు విస్తృతంగా అనుసరించడంతో, ఈనాడు ఆ తరహా చౌక సైట్ తీసేసి అదే మౌంట్ (సైట్‌ను తుపాకీకి పట్టి ఉంచే ఆధారం) మీద ఖరీదైనదాన్ని బిగించుకోవడానికి వీలవుతోంది.

ధరే నాణ్యతకు హామీ అనుకునేవారికి 2015 నాటి ఉదంతం ఇబ్బందికరంగా ఉంటుంది. ఈఓటెక్ సంస్థ చేసేవి కచ్చితంగా చెప్పాలంటే రెడ్ డాట్ సైట్లు కావు, లేజర్ కాంతితో హోలోగ్రామ్‌ను వెలిగించే హోలోగ్రాఫిక్ సైట్లు. కానీ అవి అదే అంగడిలో, అదే కొనుగోలుదారు ముందు, పై వరుస ధరలో నిలుస్తాయి. తీవ్రమైన చలిలోనూ వేడిలోనూ వాటి గురి పక్కకు జరుగుతుందనీ, ఆ సంగతి ఏళ్లపాటు దాచి సైన్యానికి అమ్మారనీ అమెరికా ప్రభుత్వం ఆరోపించగా, మాతృసంస్థ ఎల్-3 కమ్యూనికేషన్స్ ఆ ఏడాది నవంబర్‌లో 2.56 కోట్ల డాలర్లు చెల్లించి వ్యాజ్యాన్ని పరిష్కరించుకుంది. పెద్ద కొనుగోలుదారు పరీక్షించగలడు, కోర్టుకు వెళ్లగలడు. ఒక్క సైట్ కొనుక్కునే వ్యక్తికి ఆ బలం లేదు. ఎంత డబ్బు పెట్టినా అతను కొంటున్నది చాలావరకు ఇతరుల పరీక్షల మీద నమ్మకాన్నే.

ఇక చౌక సైట్ల వైపు చూస్తే, తొలినాళ్లలో వాటికి చెడ్డపేరు రావడం అన్యాయమేమీ కాదు. ప్లాస్టిక్ గుళ్లు పేల్చే ఎయిర్‌సాఫ్ట్ ఆటబొమ్మల కోసం ఖరీదైన మోడళ్ల ఆకారాన్ని మాత్రమే అనుకరించినవి అసలు రైఫిళ్ల మీదికీ ఎక్కాయి. అవి రీకాయిల్‌కు, అంటే పేల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకు, తట్టుకొనేలా చేసినవి కావు. 2010లలో ఈ చిత్రం మారింది. తక్కువ విద్యుత్తుతో వెలిగే ఎల్ఈడీలు, వాటిని నడిపే సర్క్యూట్లు అందరికీ అందుబాటులోకి రావడంతో, చైనాలో తయారయ్యే హోలోసన్ వంటి సైట్లు కూడా 50,000 గంటల మాట నిజాయితీగా చెప్పగలిగాయి. అంతటితో ఆగకుండా సోలార్ పలక, కదిలించగానే దానంతటదే వెలిగే ఏర్పాటు, చుక్కకూ వలయానికీ మధ్య మార్చుకునే సౌకర్యం వంటివి కూడా చేర్చాయి. ఎయిమ్‌పాయింట్ మైక్రో సైట్లలో ఈ సౌకర్యాలు లేవు, ఎప్పుడూ వెలిగే సైట్‌కు కదిలిస్తే మేలుకొనే అవసరమూ లేదు. అయినా లక్షణాల పట్టికను మాత్రమే చూసేవారికి చౌకదే మెరుగ్గా కనిపించే విచిత్రం అప్పుడు మొదలైంది.

పట్టికలో రానిది ఒకటుంది. వెలుగును, బ్యాటరీ ఆయుర్దాయాన్ని అనుకరించవచ్చు. వెయ్యి సైట్లలో వెయ్యీ ఒకేలా ఉండేలా చూడటం మాత్రం తనిఖీతోనే సాధ్యం, తనిఖీకి మనుషులూ సమయమూ కావాలి, ఆ ఖర్చు ధరలోనే కలుస్తుంది. సర్దుబాటు మరను ఒక క్లిక్ తిప్పితే చుక్క వెంటనే జరగక, రెండు మూడు గుళ్లు పేలాక జరగడం, రీకాయిల్‌కు బ్యాటరీ తాకుడు ఒక్క క్షణం తప్పి చుక్క ఆరి వెలగడం, సీలు సరిగా కూర్చోక చలిలోంచి వెచ్చదనంలోకి రాగానే లోపల ఆవిరి పట్టడం వంటి లోపాలు చౌక సైట్లన్నింటిలో ఉండవు, కొన్నింటిలోనే ఉంటాయి. మంచిది చేతికొచ్చినవారు ఖరీదైనవి దండగంటారు, చెడ్డది వచ్చినవారు చౌకవి చెత్తంటారు, ఇద్దరి అనుభవమూ నిజమే. పారలాక్స్ విషయంలోనూ ఇంతే. అది పూర్తిగా లేని సైట్ అంటూ ఉండదు. మంచి వాటిలో రెండు గాజులు జోడించిన అద్దంతో దాన్ని బాగా తగ్గిస్తారు, నాసిరకం వాటిలో చుక్క కిటికీ అంచుకు వచ్చేసరికి గురి స్పష్టంగా పక్కకు జరుగుతుంది. రైఫిల్‌ను కదలకుండా ఆనించి, చుక్కను దూరపు గుర్తు మీద నిలిపి, తుపాకీని తాకకుండా తలను మాత్రమే జరిపి చూస్తే ఎవరికి వారు దీన్ని పరీక్షించుకోవచ్చు.

కాబట్టి రేంజ్‌లో కాగితపు లక్ష్యాల మీద సాధన చేసేవారికి, ముఖ్యంగా రీకాయిల్ తక్కువైన .22 రైఫిల్ వాడేవారికి పేరున్న చౌక సైట్ చాలు. మిగిలిన డబ్బును తూటాల మీద పెడితే గురి ఎక్కువ మెరుగవుతుంది. చుక్క ఆరిపోతే ప్రాణానికే ముప్పు వచ్చే విధుల్లో ఉన్నవారి లెక్క వేరు. వారు కొనాల్సింది వేలాదిమంది ఏళ్ల తరబడి అదే కరుకు వాడకంలో పెట్టిన మోడల్‌ను, దానితోపాటు చుక్క లేకపోయినా పనికొచ్చే ఇనుప సైట్లను. ఇద్దరికీ వర్తించే మాట మౌంట్ గురించి ఒకటుంది: సైట్ జీరో నిలవడం లేదనే ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి సరిగా బిగించని మరల నుంచి వచ్చేవే.

చుక్క పరిమాణానికి, ధరకు సంబంధం లేదు. 2 ఎంఓఏ చుక్క 100 మీటర్ల దూరంలో దాదాపు 6 సెంటీమీటర్లు, 4 ఎంఓఏ చుక్క దాదాపు 12 సెంటీమీటర్లు కప్పుతుంది. మొదటిది దూరపు గురికి, రెండోది దగ్గర్లో త్వరగా దొరకడానికి అనువు. ఎంత ధర పెట్టినా చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలానో ద్రాక్షగుత్తిలానో కనిపిస్తే, సైట్‌ను వెనక్కి పంపేముందు ఫోన్ కెమెరాతో ఆ చుక్కను ఫొటో తీయాలి. ఫొటోలో అది గుండ్రంగా ఉంటే దోషం చాలావరకు చూసేవారి కంటిలోని ఆస్టిగ్మాటిజమ్ అనే దృష్టిలోపానిదే, కళ్లద్దాలతోనో, గాజు మీద గీసిన గుర్తుండే ప్రిజమ్ సైట్‌తోనో అది చాలామందికి సర్దుకుంటుంది.