“కరెంటు పెట్టకుండ్రి సారూ”: షాక్ ట్రీట్‌మెంట్‌పై అపోహలు - వాస్తవాలు

“మా బిడ్డకు కరెంటు పెట్టకుండ్రి సారూ, మీ కాళ్లు మొక్కుతా.” ఎర్రగడ్డ పేరునే తిట్టుగా వాడే ఊళ్లో సైకియాట్రిస్టుని కాబట్టి ఈ మాట నాకు కొత్త కాదు. మొన్నామధ్య ఒక బాలింతను తీసుకొచ్చిన వాళ్లమ్మ అలాగే అన్నది. అప్పటికి ఆ అమ్మాయి అన్నం ముట్టి నాలుగు రోజులు. చెయ్యి పైకెత్తి వదిలితే అలాగే గాల్లో ఉండిపోతోంది. కుటుంబం ఒప్పుకోవడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ సెలైన్ మీదే.

అపోహ: మెలకువగా ఉన్న మనిషిని కట్టేసి కరెంటు పెడతారు, ఆ తర్వాత మనిషి మొద్దుబారిపోతాడు.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. 1938లో రోమ్‌లో చెర్లెట్టి, బీని అనే డాక్టర్లు మొదటిసారి ఈసీటీ (షాక్ ట్రీట్‌మెంట్‌కు డాక్టర్లు వాడే పేరు) ఇచ్చినప్పుడు మత్తు లేదు. తర్వాత కూడా చాలా ఏళ్లు చాలాచోట్ల అలాగే ఇచ్చారు, ఎముకలు విరిగినవాళ్లున్నారు. మా పెదనాన్నను నలుగురు అదిమి పట్టుకున్నారని నాయనమ్మ చెప్పేది. నేను ఈ బ్రాంచి తీసుకున్నానని ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు. అందుకే భయపడే తల్లుల మీద నాకు కోపం రాదు. పాత సినిమా సీన్లు వాట్సాప్‌లో తిప్పుతూ వాళ్లను ఇంకా బెదరగొట్టేవాళ్ల మీదే వస్తుంది.

ఇప్పుడు మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే నిషేధించింది. మైనర్లకైతే గార్డియన్ ఒప్పుకున్నా, ఆ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి కావాలి. మత్తు ఎక్కాక ఒక చీలమండకు బీపీ పట్టీ బిగిస్తాం, సడలించే మందు ఆ పాదానికి చేరకుండా. కరెంటు కొన్ని సెకన్లే, దాంతో మెదడులో ఫిట్స్ వస్తుంది. ఒళ్లంతా కదలకుండా ఉంటుంది, ఆ ఒక్క పాదం వేళ్లు మాత్రం అదురుతాయి. ఫిట్స్ ఎంతసేపు ఉందో వాటిని చూసి లెక్కేస్తాం. సాధారణంగా నిమిషం దాటదు.

మందులు పనిచేయడానికి వారాలు కావాలి. తిండి మానేసి బిగుసుకుపోయినవాళ్లకు, చచ్చిపోవాలని పదే పదే ప్రయత్నిస్తున్నవాళ్లకు ఆ వారాలు ఉండవు. ఈసీటీ ముఖ్యంగా వాళ్ల కోసం.

ఇక మిగతావి. మెదడు కోస్తారా? లేదు, అది లోబోటమీ. దానికి పోర్చుగల్ డాక్టరు మోనిజ్‌కు 1949లో నోబెల్ ఇచ్చారన్నది నిజమే, ఎందరి జీవితాలో పాడయ్యాయన్నదీ నిజమే. 1950లలో క్లోర్‌ప్రొమజైన్ లాంటి మందులు వచ్చాక అది వెనకబడింది. పెళ్లి చేస్తే కుదురుతుందా? కుదరదు, ఇంకో ఇల్లు కూడా ఏడుస్తుంది. గొలుసులు వేసి ఎక్కడైనా వదిలేద్దామా? 2001లో తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన చోట మంటలు అంటుకున్నప్పుడు గొలుసుల్లో ఉన్నవాళ్లు పారిపోలేకపోయారు. 28 మంది పోయారు.

మరుపు ఉంటుందా? ఉంటుంది, దాచను. ఎక్కువగా ట్రీట్‌మెంట్ చుట్టుపక్కల రోజులవే చెరిగిపోతాయి. కొందరికి అంతకుముందువి కూడా పోతాయి, అన్నీ తిరిగి రావు. ఆ బాలింత నాలుగో ఈసీటీ తర్వాత తనంతట తానే ఇడ్లీ తుంచుకుని తిన్నది. బాబు ఇరవై ఒకటో రోజు ఫంక్షన్ మాత్రం ఆమెకు గుర్తులేదు. ఫాలోఅప్‌కి వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ ఫోనులో ఆ ఫోటోలు తీసి, ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఒక్కొక్కటే చెబుతూ ఉంటుంది.