కువైట్ మొగుడు, కడప మొహల్లా, మధ్యలో 1939 నాటి ఒక క్లాజు

ఖులా (భార్య కోరి తీసుకునే విడాకులు) గొడవ మళ్ళీ రాజుకుంది, ఈసారి కడపలో. ఒకామె కోర్టుకు వెళ్ళి నిఖా రద్దు చేయించుకుంది. డిక్రీ చేతికొచ్చింది, ఇద్దత్ (మళ్ళీ పెళ్ళికి ముందు ఆగాల్సిన గడువు) గడిచింది, ఇంకో సంబంధం కుదిరింది. తీరా నిఖా తేదీ పెట్టుకుందామని అడగబోతే మొహల్లా పెద్దలు "కోర్టు కాగితం సరే, మొగుడి సంతకం ఏదీ?" అన్నారు. ఆ మొగుడు ఐదేళ్ళుగా కువైట్‌లో ఉన్నాడు. మొదటి ఏడాది తర్వాత డబ్బు పంపలేదు, ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎవరో పెట్టిన ఒక వాట్సాప్ ఆడియోతో విషయం బయటికి పొక్కింది. సంతకం దగ్గర మొదలైన మాట రెండు రోజుల్లో ఉమ్మడి పౌరస్మృతి దాకా, 'అసలు ఇస్లాంలో సంస్కరణ సాధ్యమా' అనే దాకా పోయింది.

షాబానో కథ అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. ట్రిపుల్ తలాఖ్ గురించి కూడా ఒక్క మాటే. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు 3-2 తేడాతో దాన్ని కొట్టేసింది. (కొట్టేయడానికి ఒప్పుకోని ఇద్దరిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023లో మన రాష్ట్రానికే గవర్నర్‌గా వచ్చారు.) 2019లో వచ్చిన చట్టం ప్రకారం ఒక్క గుక్కలో తలాఖ్ చెప్పినవాడికి మూడేళ్ళ దాకా జైలు. ఇక్కడ దానితో పనిలేదు. ఈ మనిషి తలాఖ్ చెప్పనే లేదు. అసలు చిక్కంతా అతను ఏమీ చెప్పకపోవడమే.

పాత కడప జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు. రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు వైపు కువైట్‌కు మనిషి పోని వీధి తక్కువ. మగవాళ్ళు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు ఖాదిం వీసా మీద ఇంటిపనికి పోతారు. చాలామంది ఇల్లు కట్టుకుంటారు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేస్తారు. కొందరు మాత్రం అకామా (అక్కడ ఉండే అనుమతి) అయిపోయిందనో, కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) పాస్‌పోర్టు పెట్టుకున్నాడనో చెప్పి అక్కడే ఉండిపోతారు. అలాంటివాడి భార్య విధవ కాదు, విడాకులు తీసుకున్నదీ కాదు. మతం మాట అటుంచితే, రేషన్ కార్డు దగ్గర కూడా ఆమె పరిస్థితి ఏమిటో చెప్పడం కష్టం.

మాయమైన మొగుడి భార్య ఏం చేయాలన్నది ఫిఖ్‌లో, అంటే ఇస్లామీ ధర్మశాస్త్రంలో, చాలా పాత ప్రశ్న. ఆ శాస్త్రంలోని నాలుగు మజ్‌హబ్‌లలో (సంప్రదాయ శాఖల్లో) మన దగ్గర ఎక్కువమంది పాటించే హనఫీ మజ్‌హబ్‌లో జవాబు కఠినంగా ఉండేది. అతని ఈడువాళ్ళంతా చనిపోయేదాకా ఆగాలి అన్నారు. కొందరు లెక్కగట్టి, అతనికి తొంభై ఏళ్ళు నిండేదాకా అన్నారు. మాలికీ మజ్‌హబ్‌లో నాలుగేళ్ళు చాలు. ఈ రెండింటి మధ్య తేడా వందల ఏళ్ళుగా కితాబుల్లోనే ఉంది. దాన్ని బయటికి లాగింది పంజాబ్ ఆడవాళ్ళు.

నా లెక్కలో ఈ మొత్తం కథకు కీలకం అక్కడే ఉంది. గత శతాబ్దం మొదట్లో పంజాబ్‌లో కొందరు ముస్లిం స్త్రీలు ఒక దారి కనిపెట్టారు. మతం వదిలేస్తే నిఖా దానంతటదే రద్దవుతుందని హనఫీ ఫత్వాలే చెప్పేవి, ఇక్కడి బ్రిటిష్ పాలన కోర్టులూ ఒప్పుకునేవి. కొట్టే మొగుణ్ణో, పత్తా లేని మొగుణ్ణో వదిలించుకోవడానికి వాళ్ళు మతం మారడం మొదలుపెట్టారు. వాళ్ళకు కొత్త దేవుడి మీద భక్తి ఎంత ఉందో తెలీదు గానీ, పాత మొగుడి నుంచి బయటపడాలన్న అవసరం మాత్రం స్పష్టంగా ఉంది. కవి ఇక్బాల్ కూడా తన ప్రసిద్ధ ఉపన్యాసాల్లో దీన్ని ఎత్తిచూపి, ఆడవాళ్ళను ఈ గతికి తెచ్చిన న్యాయం షరియత్ ఉద్దేశానికి తగినదేనా అని నిలదీశారు.

ఉలమాకు (మత పండితులకు) టెన్షన్ పట్టుకుంది. దేవ్‌బంద్ పరంపరలో పెద్ద పేరున్న మౌలానా అష్రఫ్ అలీ థానవీ అంతకు ముందు మతం వదిలితే నిఖా పోతుందనే చెప్పినవారు. ఆయనే మదీనాలోని మాలికీ పండితులకు ఉత్తరాలు రాసి, జవాబులు తెప్పించుకుని, 1931లో 'అల్ హీలతున్ నాజిజా' అనే పుస్తకం వేశారు. నిస్సహాయురాలైన భార్యకు పనికొచ్చే ఉపాయం అని దాని పేరుకు అర్థం. మతం వదిలినంత మాత్రాన నిఖా పోదని అందులో మాట మార్చారు. దానికి బదులుగా, మొగుడు కనిపించకుండా పోయినా, పోషించకపోయినా మాలికీ పద్ధతిలో భార్యకు విడుదల ఇవ్వొచ్చని తేల్చారు. సొంత మజ్‌హబ్‌ను పక్కనబెట్టి పక్క మజ్‌హబ్ నుంచి అరువు తెచ్చుకున్నది సంస్కరణవాదులు కాదు, సంప్రదాయానికి కాపలా కాసేవాళ్ళే. ఇవాళ 'షరియత్‌లో అక్షరం మార్చడానికి వీల్లేదు' అని ఆడియోలు పెడుతున్నవాళ్ళు కూడా ఆయన్ను తక్కువ చేసి మాట్లాడరు.

ఈ పుస్తకం చలవతోనే 1936లో కాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. 1939లో అది ముస్లిం వివాహాల రద్దు చట్టమైంది. నాలుగేళ్ళు ఆచూకీ లేకపోయినా, రెండేళ్ళు పోషణ ఇవ్వకపోయినా, మూడేళ్ళు కారణం లేకుండా కాపురం చేయకపోయినా, ఇంకా క్రూరత్వం లాంటి కారణాలున్నా భార్య కోర్టుకు పోవచ్చు. మతం వదిలినంత మాత్రాన ఆమె నిఖా రద్దు కాదన్న సెక్షన్ కూడా పెట్టారు. పంజాబ్ దారి అలా మూసేశారు.

ఇప్పటి గొడవకు మూలం మాత్రం చట్టంలో ఉన్నదాంట్లో లేదు, లేనిదాంట్లో ఉంది. ముస్లిమేతరుడు జడ్జిగా కూర్చుని నిఖా రద్దు చేస్తే షరియత్ దృష్టిలో అది చెల్లదని థానవీ రాశారు. అందుకే ఇలాంటి కేసులు ముస్లిం జడ్జీయే వినాలని కాజ్మీ బిల్లులో ఒక క్లాజు ఉండేది. చట్టంగా బయటికి వచ్చేసరికి అది లేదు. చట్టం కావాలని అడిగిన ఉలమాయే తుది చట్టాన్ని చూసి పెదవి విరిచారు. అప్పటి నుంచీ కోర్టు డిక్రీకి రెండు బతుకులు. ప్రభుత్వం దృష్టిలో ఆమె స్వతంత్రురాలు, కొన్ని మొహల్లాల దృష్టిలో ఇంకా ఫలానావాడి భార్యే.

మొహల్లా పెద్దల వాదన కొట్టిపారేసేది కాదు. "రేపు అతను తిరిగొచ్చి నా పెళ్ళాం అంటే? నిఖా చదివించింది మేమే కదా" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఖులాకు మొగుడి ఒప్పుకోలు కావాలన్నది నాలుగు మజ్‌హబ్‌లలో ఎక్కువమంది పండితుల మాట, అది నిజమే.

అయితే ఆ మాటకు ఆధారంగా చూపే హదీసే (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం) రెండు వైపులా తెగుతుంది. సాబిత్ బిన్ ఖైస్ భార్య ప్రవక్త దగ్గరికి వచ్చింది. అతని నడతలోగానీ దీన్‌లోగానీ (మతనిష్ఠలోగానీ) తప్పు లేదు, నేనే కాపురం చేయలేను అంది. "మెహర్‌గా (పెళ్ళిలో భార్యకు మొగుడు ఇచ్చే సొమ్ముగా) ఇచ్చిన తోట తిరిగిస్తావా?" అని ప్రవక్త అడిగారు. ఇస్తానంది. తోట తీసుకుని ఆమెకు తలాఖ్ ఇచ్చేయమని సాబిత్‌తో చెప్పారు. అది సలహానా, హుకుమా? సలహా అనుకుంటే మొగుడి ఇష్టం, హుకుం అనుకుంటే కాజీ (షరియత్ న్యాయమూర్తి) తీర్పు. పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1967లో ఖుర్షీద్ బీబీ కేసులో రెండో అర్థమే తీసుకుంది. ఈజిప్టు 2000లో చట్టమే చేసింది. కేరళ హైకోర్టు 2021లో ఖులా భార్య హక్కేనని చెప్తే ముస్లిం పర్సనల్ లా బోర్డుకు అది నచ్చలేదు. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు కూడా మొగుడి అంగీకారం అక్కర్లేదంది, ముఫ్తీ ఇచ్చేది సలహా మాత్రమేనంది. ఆంధ్ర, తెలంగాణ హైకోర్టులు వేరుపడ్డాయి గనక ఆ తీర్పుకు కడప కట్టుబడాల్సిన పని లేదు, చూపించుకోవడానికి పనికొస్తుంది అంతే.

నిజానికి కడపలో జరిగినదానికి ఈ ఖులా తీర్పుల అవసరమే లేదు. ఆమె తీసుకున్నది ఖులా కాదు, 1939 చట్టం కింద ఫస్ఖ్, అంటే జడ్జి నిఖాను రద్దు చేయడం. దానికి మొగుడి సంతకం ఏ మజ్‌హబ్‌లోనూ అడగరు. అడగదలిస్తే జడ్జి ఎవరని అడగాలి. పెద్దలు ఆ ప్రశ్న వేయకుండా సంతకం అడుగుతున్నారు. ఇంకో సంగతి, ముస్లిం కాజీ దొరకని చోట దీనిపరులైన ముస్లింల పంచాయతీ కూర్చుని నిఖా రద్దు చేయొచ్చని అదే థానవీ పుస్తకంలో ఉంది. అంటే డిక్రీ మీద అనుమానం ఉన్న పెద్దలు ఒక సాయంత్రం మసీదులో కూర్చుని, సాక్షులను విని, ఆ ముడి తామే విప్పొచ్చు. ఇది అడిగితే ఆ పెద్దాయన "చూద్దాం" అన్నారు.

ఆమె తల్లి ఒక ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు తీసి చాప మీద పరిచింది. ఉర్దూలో నిఖానామా, మెహర్ అంకె చివర 786. దాని పక్కన తెలుగు పెళ్ళికార్డు, దాని కింద నీలం ముద్రలున్న డిక్రీ సర్టిఫైడ్ కాపీ. "జడ్జి ముద్రేసి ఇచ్చినాడు గద నాయనా, ఇంకేం గావాలంట వీళ్ళకు?" అంది.

పోయిన వారం కువైట్ నుంచి కబురొచ్చింది. ఫోనెత్తని మనిషి ఈ గొడవ సంగతి తెలిసి తన అన్న ద్వారా చెప్పించాడు. మెహర్ మాఫీ చేసి, పెళ్ళిలో పెట్టిన నాలుగు తులాల బంగారం తిరిగిస్తే సంతకం పెడతాడట. బంగారం ఎప్పుడో కుదువలో ఉంది. అది పెట్టింది అతని వీసాకే.