చెనిక్కాయ గింజ, బావి మోటారు ఫుట్ వాల్వ్

పోయిన వారం మా తిరపతి వీధిలో అక్క అడిగింది, "సార్, ఎక్స్‌రేలో గింజేమీ కనపళ్ళేదంట, మళ్ళా బిడ్డకి మత్తిచ్చి గొట్టమేసి చూడాలంటారు, ఎందుకు?" అని. ఆమె మనవడికి ఏడాదిన్నర, ఇంట్లో చెనిక్కాయలు ఒలస్తా ఉంటే రెండు గింజలు నోట్లో ఏసుకున్నాడు, పొలమారింది, ఎవరో తలుచుకుంటా ఉండారని నెత్తిన తట్టినారు, దగ్గు తగ్గింది, అందరూ మర్చిపోయినారు. రెండు వారాలైనా పిల్లికూతలు మాత్రం పోలేదు. నెత్తిన తడితే గింజ ఎటూ పోదు, దగ్గు ఆగిందంటే అక్కడి నరాలు దానికి అలవాటు పడినాయని, అంతే.

ఎక్స్‌రేకి ఎముక, లోహం అయితే అడ్డం తగుల్తాయి, గింజలో ఉండేది నూనె, ప్రోటీను, ఒంట్లో మెత్తటి కండ మాదిరే, కాబట్టి దాని నీడ విడిగా తెలీదు. కానీ అది చేసిన పని కనపడుద్ది. బావి మోటారు పైపు అడుగున ఫుట్ వాల్వ్ ఉంటుంది గదా, మోటారు లాగితే రెక్క తెరుచుకొని నీళ్ళు పైకొస్తాయి, ఆపితే రెక్క మూసుకొని వెనక్కి పోనీదు. ఇక్కడా అదే కథ. ఊపిరి పీల్చినప్పుడు శ్వాసగొట్టం కొంచెం వెడల్పయి గింజ పక్కనుంచి గాలి లోపలికి దూరుద్ది, వదిలినప్పుడు గొట్టం ముడుచుకొని గింజని బిగించేస్తుంది, గాలి లోపలే చిక్కుకుంటుంది. ఊపిరికింత చొప్పున చేరి ఆ పక్క ఊపిరితిత్తి ఉబ్బుద్ది. అందుకే ఊపిరి వదిలినాక తీసిన ఎక్స్‌రేలో ఒక పక్కే గాలి నిండి ఇంకా నల్లగా ఉంటే డాక్టరుకి అనుమానం వస్తుంది.

ఇంకో తిరకాసు, గింజ తడికి నానుతుంది, దాని నూనెకి గొట్టం లోపలి పొర వాస్తుంది. గాలి సాఫీగా పారే సన్న గొట్టంలో వ్యాసార్థం సగమైతే అడ్డు 2 రెట్లు కాదు, 16 రెట్లు పెరుగుద్ది, నాలుగో ఘాతం లెక్క (2×2×2×2). పిల్లోళ్ళ గొట్టాలు అసలే సన్నం. చివరికి ఫుట్ వాల్వ్ కాస్తా పైపుకి డమ్మీ మూత బిగించినట్టు అయిపోతే లోపలి గాలిని రక్తం పీల్చేసుకుంటుంది, ఇందాక ఉబ్బిన తిత్తే అణిగిపోతుంది.

చిన్నపిల్లోళ్ళు ముందుపళ్ళతో కొరకతారు, నమిలే దవడపళ్ళు పూర్తిగా వచ్చేది రెండున్నర మూడేళ్ళకి, వచ్చినా సరిగా నమలరు. నాలుగేళ్ళు దాటేదాకా గింజ గింజగా ఇవ్వద్దు. కారం తగ్గించి మెత్తగా నూరిన చెనిక్కాయల ఊరిబిండి (పచ్చడి) సంగట్లో కలిపి పెట్టండి, ఇబ్బంది లేదు.

గట్టిగా దగ్గుతా ఉంటే దగ్గనీయండి, కనపడని దానికోసం నోట్లో వేలు పెట్టద్దు, ఇంకా లోపలికి తోస్తారు. గొంతు పెగలక, దగ్గలేక నీలంగా అవుతుంటే ఒకరు 108కి చేయాల, ఇంకొకరు ఏడాది లోపు బిడ్డయితే తల కిందికి ఉండేట్టు బోర్లా పట్టుకొని వీపు మీద 5 దెబ్బలు, తిప్పి రొమ్ము మధ్యలో ఒక అరచేతి మడమతో 5 నొక్కులు, మార్చి మార్చి. పెద్ద బిడ్డయితే వీపు మీద 5 దెబ్బలు, తర్వాత వెనకనుంచి పట్టుకొని బొడ్డు పైన లోపలికి, పైకి 5 సార్లు గుంజాల, మార్చి మార్చి.

గొట్టమేసి తీయడం కొత్తదేం కాదు, 1897లోనే జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే డాక్టరు ఒక రైతు శ్వాసగొట్టంలోంచి ఎముక ముక్క తీసినాడు. అక్క నిన్న ఫోన్‌లో ఫోటో చూపించింది, గాజుగుడ్డ మీద అర బద్ద, పొట్టు ఊడిపోయి, నానబెట్టిన శెనగ మాదిరి ఉబ్బి ఉంది.