పాతికేళ్లు, యాభై, డెబ్బై ఐదు: స్వాతంత్ర్య ఉత్సవాలపై అపోహలు - వాస్తవాలు

నేను నల్గొండ జిల్లాలో సోషల్ టీచర్‌ని. ఇరవై రెండేళ్లుగా మా స్కూల్లో ఆగస్టు 15 ఏర్పాట్లు నేనే చూస్తున్నాను. ఏటా స్పీచ్‌లలో అవే పొరపాట్లు వినిపిస్తుంటే మనసు ఊరుకోదు. పిల్లలు వాటినే పరీక్షలో రాసేస్తారు.

అపోహ: 2022లో జరిగింది 75వ స్వాతంత్ర్య దినోత్సవం.
కాదు, 76వది. 75 ఏళ్లు నిండిన రోజు అది. ఆగస్టు 15న పుట్టిన పాపకు మొదటి పుట్టినరోజు వచ్చేసరికి తను చూసిన ఆగస్టు 15లు రెండవుతాయి కదా, ఇదీ అంతే. ఆ లెక్కన 1972లో 26వది, 1997లో 51వది.

అపోహ: 1947 ఆగస్టు 15న నెహ్రూ ఎర్రకోట మీద జెండా ఎగరేశారు.
ఎర్రకోట మీద ఎగరేసింది 16న.

అపోహ: పెద్ద ఉత్సవాలన్నీ ఒకే తీరు. జెండా, స్పీచ్, స్వీట్లు.
ఏ తరం ఉత్సవం ఆ తరానిదే. 1972 నాటికి ఉద్యమంలో జైలుకెళ్లినవాళ్లు ఎందరో మన మధ్యే ఉన్నారు. అందుకే రజతోత్సవం వాళ్ల చుట్టూ తిరిగింది: తామ్రపత్రాలు ఇచ్చారు, సమరయోధుల పెన్షన్ పథకం ఆ ఆగస్టు 15నే మొదలైంది. మనం అడ్రస్‌లో రాసే పిన్‌కోడ్ కూడా ఆ రోజు వచ్చిందే. 1997కి ఆ పెద్దలు చాలామంది పోయారు. ఆ ఏడు పార్లమెంటు అర్ధరాత్రి సమావేశంలో గాంధీ, నెహ్రూ, బోసుల గొంతులను రికార్డుల్లోంచి వినిపించారు. 2022కి పండగ ఇంటి డాబా మీదికి వచ్చింది. మామూలు రోజుల్లో కూడా ఇంటి మీద జెండా ఎగరేసుకునే వీలు 2002లో వస్తే, మిషన్ మీద చేసిన పాలిస్టర్ జెండాలకు అనుమతి 2021 డిసెంబర్‌లో వచ్చింది. ఇంటింటా జెండా ఎగరడానికి ఆ మార్పు చాలా తోడ్పడింది.

అపోహ: 1947 ఆగస్టు 15న దేశమంతా పండగే.
నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, అదీ మా జిల్లాలో వినడం. ఆ రోజు మేం నిజాం రాజ్యంలో ఉన్నాం. భారత్‌లో కలవాలని ఉద్యమం నడుస్తున్నా, మాకు ఆ రోజు వచ్చింది 1948 సెప్టెంబర్ 17నే. గోవాకైతే 1961 డిసెంబర్ దాకా రాలేదు. అంటే దేశం రజతోత్సవం చేసుకునేనాటికి గోవాకు నిండింది పదేళ్లే.

2022లో ఆరో తరగతి పిల్లల్ని మా ఊళ్లో ఒక అవ్వ దగ్గరికి తీసుకెళ్లాను. 1947లో ఆమెకు పదేళ్లు. "ఆ దినం ఏం పండగ బిడ్డా, రజాకార్లు వస్తరని పానం గుప్పిట్ల పెట్టుకున్నం" అంది. గద్దె మీద నుంచి దిగి, నిజాం తరఫు సాయుధ దళమైన ఆ రజాకార్లకు దొరక్కుండా జొన్నలు ఎలా దాచారో వాకిట్లో చేత్తో గీత గీసి చూపించింది: ఇంత లోతు గుంత, అడుగున గడ్డి, మీద జొన్నల బస్తా, ఆపైన పేడతో అలుకు.

ఒక పాప అడిగింది: "మరి ఆ జొన్నలు ఏమైనయ్ అవ్వా?"

"సగం పురుగు వట్టినయ్. మిగిలినయ్ మనూళ్లె జెండా ఎగిరిన్నాడు గట్క వండుకున్నం."